ఊర్మిళ నిద్ర, మామ్మ మెలకువ

మా మామ్మ రామాయణం కౌసల్య వేవిళ్లతో మొదలయ్యేది. అయోధ్య వైభవం, దశరథుడి కొలువు, పుత్రకామేష్టి అన్నీ ఒక్క ఊపులో దాటిపోయి, అన్నం సయించక మూలకు ఒరిగిన ఒక ఇల్లాలి దగ్గర ఆ గొంతు ఆగేది. నెలలు నిండేవి. నొప్పులు మొదలయ్యేవి. పైనుంచి వేలాడదీసిన తాళ్లు పట్టుకుని పళ్ల బిగువున నిలబడే కౌసల్య కనిపించేది. దేవుడు పుట్టబోతున్నాడని ముల్లోకాలూ ఎదురుచూస్తుంటే ఆ పాట తల్లి పడే బాధనే చూస్తుంది. చైత్రమాసం, నవమి తిథి, పునర్వసు నక్షత్రం, ఐదు గ్రహాలు ఉచ్చలో ఉన్నాయని చెప్పి వాల్మీకి ఆ పుట్టుకను ఆకాశంలో చూపించాడు. మామ్మ పురిటిగదిలో చూపించింది. ఆవిడ రామభక్తికి పునాది ఆ గదిలోనే పడింది.

తెలుగు లోగిళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న ఈ రామాయణపు పాటల్లో చాలావాటికి కర్త పేరు లేదు. కౌసల్య వేవిళ్లు, శ్రీరాముల ఉగ్గుపాట, శాంత కల్యాణం, సీత అప్పగింత, సీత గడియ, ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలవుల యుద్ధం. ఈ పేర్లు వరసగా చదివితే చాలు, ఒక ఆడమనిషి జీవితం పురుటి నుంచి బిడ్డల పెంపకం దాకా కళ్లకు కడుతుంది. ‘కృష్ణశ్రీ’ కూర్చిన స్త్రీల రామాయణపు పాటల సంపుటిని ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో అచ్చువేసింది. వెల్చేరు నారాయణరావు రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో వెలువడ్డాక దేశదేశాల రామాయణ పరిశోధకులు వీటివైపు తిరిగి చూశారు. ఇవి ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్లలో వినబడ్డ పాటలు. పొలంలో నాట్లు వేస్తూ పాడుకునే వాళ్ల రామాయణం తీరు వేరు, దాని అందం వేరు. ఈ చర్చలేవీ మామ్మ చెవిన పడలేదు. అత్తగారి దగ్గర పట్టుబడిన పాట ఆవిడకు తెలుసు. ఏ పనికి ఏ పాటో తెలుసు.

చంటిబిడ్డను చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె మర్దనా చేసి, నీళ్లు పోసి, ఉగ్గుగిన్నె చేతికి తీసుకుంటే ఉగ్గుపాట వచ్చేది. పెళ్లిలో పిల్లను అప్పగించే వేళ సీత అప్పగింత. ఇక పొడుగు పాటలకు వేళ మధ్యాహ్నం. అందరి భోజనాలూ అయ్యి, వంటిల్లు శుభ్రం చేసుకుని, పెరటి వసారాలో చేట ముందేసుకున్నాక ఆవిడ గొంతు విప్పేది. బియ్యంలో వేళ్లు వాటంతట అవే కదిలేవి. మట్టిగడ్డ తగిలితే తీసి పక్కన పడేసేది, పాట ఆగేది కాదు. సీతను అడవిలో వదలమని రాముడు చెప్పే చోటికి వచ్చేసరికి మాత్రం వేళ్లు ఆగేవి. చేటలో బియ్యం అలాగే ఉండిపోయేది. ఆ చరణాలు దాటాక మళ్లీ చెరగడం. సంగీతం తెలిసినవాళ్లు దాన్ని విరామం అంటారేమో. ఆ ఆగడంలో ఎంత బరువుందో వింటున్న పిల్లలందరికీ తెలిసేది. ఎవరూ నోరు మెదిపేవాళ్లం కాదు.

ఆ పాటలన్నిటిలో ఆవిడ ప్రాణం ఊర్మిళాదేవి నిద్ర.

ఊర్మిళ మీద కావ్యలోకం పెద్దగా మాట ఖర్చు పెట్టలేదు. వాల్మీకి ఆమెను పెళ్లిపీటల మీద చూపించి ఊరుకున్నాడు. భవభూతి ఉత్తరరామచరితంలో ఒక సున్నితమైన ఘట్టం ఉంది. గోడ మీద తమ కథంతా బొమ్మలుగా ఉంటే లక్ష్మణుడు ఒక్కొక్కటీ చూపిస్తుంటాడు. ఊర్మిళ బొమ్మ దగ్గర సీత, ఈవిడ ఎవరని చిలిపిగా అడుగుతుంది. అతను సిగ్గుపడి మాట తప్పించి ముందుకు సాగిపోతాడు. ఎంత ముచ్చటగా ఉన్నా, అక్కడా ఆమె బొమ్మగానే మిగిలింది. ఆధునిక కాలంలో రవీంద్రుడు కావ్యాలు పట్టించుకోని స్త్రీలలో ఊర్మిళను తలుచుకుని బాధపడ్డాడు. హిందీలో మైథిలీశరణ్ గుప్త ‘సాకేత్’ రాసి ఆమె విరహానికి పెద్దపీట వేశాడు. మన దగ్గర ఆ పని ఎన్నడో మొదలైంది. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో లక్ష్మణుడి నిద్రనంతా ఊర్మిళ మోసే కథ ఉంది. దాన్ని ఆడవాళ్లు అందిపుచ్చుకుని, అంతఃపురం తలుపులు తీసి, ఒక పూర్తి పాటగా పెంచుకున్నారు.

పట్టాభిషేకం అయింది. అన్నదమ్ములు కొలువులో ఉన్నారు. ఊర్మిళ సంగతి అక్కడ గుర్తొచ్చేది సీతకు. పద్నాలుగేళ్లుగా చెల్లెలు మంచం మీదే ఉందని, మరిదిని ఇకనైనా ఆమె దగ్గరకు పంపమని భర్తకు చెబుతుంది. గెలుపు సంబరాల నడుమ ఇంట్లో ఒకరు ఇంకా లేవలేదన్న ఎరుక ఆమెది. ఈ ఒక్క కదలికతో పాట ఎవరి పక్కన నిలబడిందో తెలిసిపోతుంది.

లక్ష్మణుడు గదిలోకి వెళ్లి పక్కన కూర్చుని మెల్లగా పలకరిస్తాడు. ఆమె కళ్లు పూర్తిగా విచ్చుకోవు. పరాయి మగవాడు వచ్చాడనుకుంటుంది. వణికిపోతూనే ఎవరు నువ్వని నిలదీస్తుంది. మా నాన్నగారు వింటే ఊరుకోరంటుంది, అక్కా బావల పేరు చెప్పి హెచ్చరిస్తుంది, పరస్త్రీని కోరిన ఇంద్రుడికి ఏ గతి పట్టిందో గుర్తుచేస్తుంది. మాటకు మాట పెరిగే కొద్దీ ఆమె భయం పలచబడి ధైర్యం చిక్కబడుతుంది. ఎదుట ఉన్నవాడు రాక్షసులను మట్టుపెట్టిన వీరుడు. ఆ వీరుడికి తన ఇంట్లో, తన ఆలి ముందు, తానెవరో చెప్పుకోవలసిన అవసరం వచ్చింది. నన్ను గుర్తుపట్టకపోతే ఇక బతుకెందుకని అతను కత్తికి చెయ్యి వేసేదాకా పాట మనల్ని ఆ గుమ్మంలోనే నిలబెడుతుంది.

రసం ఎక్కడ పుడుతోందో చూడండి. అలంకారశాస్త్రం చెప్పే సంచారి భావాలు ఇక్కడ ఒక్కొక్కటిగా వచ్చి పోతాయి. మొదట నిద్ర, తర్వాత విబోధం, వెంటనే త్రాసం, శంక, ఉగ్రత. గుర్తుపట్టిన క్షణాన వ్రీడ, హర్షం. ఒక మగతకూ మెలకువకూ నడుమ ఇన్ని భావాలను దాటించడానికి మహాకవికి సర్గలు కావాలి. ఈ పాట ఇంటి మాటలతో ఆ పని చేసింది. ప్రబంధ నాయిక అయితే విరహంలో వెన్నెలను తిడుతుంది, చందనం తాపం పెంచిందంటుంది. ఊర్మిళకు అలాంటి పద్యమొకటీ లేదు. ఆమె విరహమంతా నిద్ర. నోరు తెరిచి ఒక్క ఫిర్యాదూ చెప్పని ఆ పద్నాలుగేళ్లను పాట వర్ణించదు, దాటి వస్తుంది. వర్ణించని ఆ ఏళ్ల బరువు, గుర్తుపట్టిన వెంటనే ఆమె కంట్లో నీరుగా దిగుతుంది. చెప్పకుండా వదిలిన చోట ధ్వని ఎంత పలుకుతుందో నాకు శాస్త్రం చదివాక అర్థం కాలేదు. మామ్మ ఆ చరణం దగ్గర గొంతు తగ్గించినప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత పాట ఎంత తీరుబడిగా నడుస్తుందో! నూనెలు, తలంట్లు, జడలు, కొత్త చీరలు, బారుగా వేసిన విస్తళ్లు, ఆడపడుచు శాంత వేళాకోళం, ఆకువక్కలు. పద్నాలుగేళ్ల లోటు తీరాలంటే ఒక్క కౌగిలి చాలదు, ఒక పూట సవ్యంగా గడవాలి. ఇల్లు మళ్లీ ఇల్లు కావాలి. ఆ వైనమంతా పూసగుచ్చినట్టు చెప్పడం కొందరికి సాగదీతగా తోచవచ్చు. నాకు మాత్రం ఆ పాటలో అన్నిటికన్నా ఎత్తైన భాగం అదే. కరుణ అక్కడ ఒక్కసారిగా తెగిపోదు, నెమ్మదిగా కరిగి శాంతమవుతుంది.

మామ్మ ఈ పాటను ఎందుకంత పట్టుకుందో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ జీవితం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెళ్లయిన తొలి ఏళ్లలో తాతయ్య ఉద్యోగం దూరాన. సెలవులకే ఇంటికి రావడం. మంచం పట్టిన అత్తగారు, చదువుకునే మరుదులు, పెళ్లికి ఎదిగిన ఆడపడుచు, అందరి బాధ్యతా ఆవిడ మీద. అయితే ఊర్మిళకు నిద్ర దక్కింది, మామ్మకు అది కూడా లేదు. తెల్లవారుజామున కోడి కూయకముందే లేచి కల్లాపి చల్లి ముగ్గు పెట్టేది. రాత్రి అందరూ పడుకున్నాక, పాలు తోడుపెట్టి, గడపకు గొళ్లెం పెట్టి, దేవుడి గూట్లో దీపం చూసుకుని నడుం వాల్చేది. నడిరాత్రి ఎవరింట్లోనో నొప్పులంటే లాంతరు పట్టుకుని వెళ్లేది. మా వీధిలో చాలామంది పిల్లలకు తొలి స్నానం ఆవిడ చేతుల మీదే. జ్వరంతో మూలుగుతున్నవాళ్ల దగ్గర, దీపం కొండెక్కబోతున్న ముసలివాళ్ల దగ్గర రాత్రంతా కూర్చునేది. నీళ్ల చెంచా పట్టుకుని, నోట్లో రామనామం ఆడుతూ. ఊర్మిళ వాటా నిద్రనూ లక్ష్మణుడి వాటా మెలకువనూ ఆవిడ ఒక్కతే పాటలో కలిపి పాడుకునేది.

అందుకే ఊర్మిళాదేవి నిద్ర ముగిశాక లక్ష్మణదేవర నవ్వు పాడకుండా లేచేది కాదు.

ఈ రెండో పాట కట్టడం చూస్తే నాటకకర్తలకు అసూయ పుట్టాలి. నిండు కొలువు. ఉన్నట్టుండి లక్ష్మణుడు పకపకా నవ్వుతాడు. కారణం ఎవరికీ తెలియదు. సభ సభంతా బిగుసుకుపోతుంది. నెత్తిన గంగను మోస్తున్నందుకేమోనని శివుడు తల దించుకుంటాడు. అన్నను చంపించి రాజ్యం ఏలుతున్నందుకేమోనని సుగ్రీవుడు, ఇంటిగుట్టు విప్పినందుకేమోనని విభీషణుడు ముడుచుకుపోతారు. పరాయి ఇంట ఉండి వచ్చినందుకేమోనని సీత కుమిలిపోతుంది. చివరకు రాముడికీ తన లోపలి ముల్లే గుచ్చుకుంటుంది. ఒక్క నవ్వు నిండుసభలో ప్రతివాడి గుండె తలుపూ తట్టింది. హాస్యం నుంచి ఇంతమంది అంతరంగాలను బయటికి లాగిన కవి ఎవరో! దేవుళ్లకూ లోపల ఒక మూల సిగ్గు ఉంటుందని తెలిసిన ఆడమనిషి ఎవరో ఆ పాట కట్టి ఉండాలి.

రాముడు కత్తి దూస్తాడు. అప్పుడు లక్ష్మణుడు అసలు సంగతి చెబుతాడు. అడవిలో తొలిరాత్రి తనను ఆవహించబోయిన నిద్రాదేవిని పద్నాలుగేళ్లు తన జోలికి రావద్దని, ఊర్మిళ దగ్గరకు వెళ్లమని వేడుకున్నాడు. గడువు తీరిందని ఆవిడ ఇప్పుడు నడిసభలో ఎదుట నిలబడింది. ఆ కచ్చితత్వం చూసి నవ్వొచ్చింది, అంతే. విన్నవాళ్లందరి భయాలూ ఎండుటాకుల్లా రాలిపోతాయి. హాస్యం అద్భుతమవుతుంది. వెంటనే ఆ అద్భుతం మరో మెట్టెక్కుతుంది. తమ్ముడి మీద కత్తి దూసినందుకు రాముడు నొచ్చుకుని, పక్క పరిపించి లక్ష్మణుడిని పడుకోబెట్టి, స్వయంగా కాళ్లు పడతాడు.

నా మటుకు తెలుగు పాటలో భక్తి అందుకున్న శిఖరం ఇది. భక్తుడు దేవుడి పాదాలు పట్టడం ఎన్ని కీర్తనల్లో వినలేదు! ఇక్కడ దేవుడు సేవకుడి పాదాలు పడుతున్నాడు. పద్నాలుగేళ్లు రెప్ప వేయని కళ్లకు ఇప్పుడు కాపలా ఆయన. చేసిన సేవ ఎక్కడికీ పోదని, ఎవరూ చూడలేదనుకున్న మెలకువలన్నీ ఒకరి లెక్కలో ఉంటాయని, ఆ ఒకరు ఒకనాడు వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటారని ఈ పాట చెబుతుంది. స్వర్గం ఇస్తానని ఆశ పెట్టదు. కంటినిండా నిద్ర ఇస్తుంది. రాత్రుళ్లు మేలుకున్న మనిషే ఈ వరాన్ని ఊహించగలదు.

మామ్మ భక్తికి దేవుడు దూరపు చుట్టం కాడు, సొంత మనిషి. సీత ఇంటి ఆడపిల్ల, రాముడు అల్లుడు. అల్లుడి మీద గౌరవం ఎంతో, ఆడపిల్ల మాట వచ్చేసరికి ఆయన్ను అడిగే చనువూ అంత. సీత గడియలో సీత రావడం ఆలస్యమైందని రాముడు తలుపు గడియ వేసుకుంటే కౌసల్య వచ్చి కొడుకును మందలిస్తుంది. శూర్పణఖ మాయవేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటే, అతని కాలి బొటనవేలు తప్ప చూసి ఎరగని సీత ఆ వేలు మాత్రమే గీస్తుంది. మిగతా బొమ్మ శూర్పణఖ పూర్తిచేస్తుంది. అది రాముడి కంటబడి కొంప మునిగినప్పుడు శాంత, ఊర్మిళ, ఇంటి ఆడవాళ్లంతా సీత వైపు నిలబడి రాముడినే నిలదీస్తారు. ఈ చరణాలు పాడేటప్పుడు మామ్మ వెన్ను నిటారుగా అయ్యేది. పాట ముగించి అదే రాముడి పటానికి హారతి ఇచ్చేది. నిలదీసిన నోటితోనే మంగళం పాడటంలో ఆవిడకు తేడా కనిపించలేదు. ప్రేమ ఉన్న చోట ప్రశ్న ఉంటుంది. ఆవిడ విశ్వాసం ఆ ప్రశ్నలను తట్టుకునేంత గట్టిది.

శ్రీరామనవమికి ఆ గట్టిదనం పండగ రూపం తొడుక్కునేది. పొద్దున్నే మిరియాలు, యాలకులు దంచి బెల్లం పానకం కలిపేది. వడపప్పు నానేది. భద్రాచలం కల్యాణానికి కోరుకొండ వైపు భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాల బియ్యం చేసి పంపుతారని విన్నాక, చివరి ఏళ్లలో తానూ ఒక దోసెడు వడ్లు ఒడిలో పోసుకుని కూర్చునేది. రోకటి దెబ్బ తగలకూడదు. గింజ విరగకూడదు. చూపు మందగించిన ఆవిడ బొటనవేలి గోరుతో పొట్టు చీల్చి, వేలి కొసతో తడిమి, నూక కాని గింజనే పళ్లెంలో వేసేది. ఒక్కో గింజకు ఒక్కో నామం. గోరు అరిగి ఎర్రబడితే కాస్త కొబ్బరినూనె రాసుకుని మళ్లీ మొదలుపెట్టేది. సీతమ్మ నెత్తిన పడే బియ్యం, విరిగింది పడితే ఎలా, అనేది. పుట్టింటివాళ్ల పట్టింపు అది. భక్తి, కుటుంబం, సేవ అని మనం విడివిడిగా పేర్లు పెట్టుకున్న మూడూ ఆ గింజ దగ్గర ఒక్క పనిలో ఒదిగేవి.

ఆవిడ మంచానికి పరిమితమైన రోజుల్లో మా అమ్మ రాత్రిపూట కాళ్లు పట్టేది. “వద్దమ్మా, పొద్దుటినుంచీ నుంచునే ఉన్నావు, పోయి పడుకో” అనేది మామ్మ. “మీరు పడుకోండి అత్తయ్యగారూ, నేను లేస్తాను” అనేది అమ్మ. లక్ష్మణుడు మేలుకుని అన్నను వారించే చోటు ఆవిడ ఎన్నిసార్లు పాడిందో! ఆ చరణం ఇంట్లో జరుగుతున్న సంగతి ఆవిడకు తట్టిందో లేదో గానీ మాకు తట్టింది. ఆవిడ తన అత్తగారికి పట్టిన కాళ్లు, వీధి పురుళ్లలో కాచిన రాత్రులు, అన్నీ కోడలి చేతుల్లో తిరిగి వచ్చాయి. ఆ రోజుల్లో ఆవిడ హాయిగా నిద్రపోయేది. పిలిస్తే ఊర్మిళలాగే ఓ పట్టాన కళ్లు తెరిచేది కాదు.

రామాయణంలో అంగిరసం కరుణ అన్నాడు ఆనందవర్ధనుడు. మహాకావ్యం వరకు ఆ మాటకు తిరుగులేదు. మామ్మ పాడిన రామాయణంలో మాత్రం కరుణ మీద చివరి మాట ఆడవాళ్లది. ఎక్కడ దుఃఖం పేరుకుంటే అక్కడికి ఒక అత్తో, ఆడపడుచో, అక్కో వచ్చి కూర్చుంటుంది. నూనె రాస్తుంది, అన్నం పెడుతుంది, తప్పుచేసినవాడిని అడుగుతుంది, అలసినవాడిని పడుకోబెడుతుంది. ఈ రసానికి భరతముని పట్టికలో పేరు వెతకాలని నాకు లేదు. మామ్మ బతికిన తీరే దానికి లక్షణం, పాడిన పాటలే లక్ష్యం.

ఈ పాటలన్నీ ఫలశ్రుతితో ముగుస్తాయి. పాడినవారికీ విన్నవారికీ పుణ్యలోకాలని చెప్పి మంగళం పలుకుతాయి. మామ్మ ఆ ఫలం తన కోసం అడిగిందనుకోను. వింటున్న మా మీద ఆ చరణం పడేలా పాడింది. ఇప్పుడు సంపుటాల్లో అచ్చయిన ఈ పాటలను చదువుకోవచ్చు, చదవాలి కూడా. అయితే వీటి పూర్తి అందం తెలియాలంటే పాడే మనిషి దగ్గర చివరిదాకా కూర్చోవాలి. ఏ ఇంట్లో ఇప్పటికీ ఒక మామ్మకో, అమ్మమ్మకో నాలుగు చరణాలైనా గుర్తున్నాయో, అక్కడ పిల్లలు అడిగి పాడించుకోవాలి. ఊర్మిళను మహాకావ్యం మరిచినా మన పెద్దవాళ్లు మరవలేదు. వాళ్లు కాచిన రాత్రులను గుర్తుపెట్టుకోవడం ఇప్పుడు మన వంతు.